అనాథల తండ్రి మీద నింద

కాయలున్న చెట్టుకే రాళ్ల దెబ్బలంటారు. దేవుని సేవలో ఉన్న ఒకరి మీద నింద వచ్చిందంటే మన సంఘాల్లో ముందుగా వినబడే మాట ఇదే. ఇందులో నిజం సగమే ఉంది. రాయి విసిరినవాడి మనసులో ఈర్ష్య ఉండొచ్చు గానీ, ఆ దెబ్బకు రాలిన కాయల్లో పుచ్చుకాయ కూడా ఒకటి ఉండొచ్చు. పరుల పిల్లల్ని ఇంటికి తెచ్చుకుని పెంచేవారి విషయంలో ఈ సంగతి మరీ సున్నితమైనది. తన ఒంటి మీద పడిన దెబ్బ గురించి పిల్లవాడు నోరు విప్పి చెప్పుకోలేడు. కొట్టలేదని రుజువు చేసుకోవడం పెంచినవారికీ తేలిక కాదు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? ఎవరు విచారించాలి? విచారణ ముగిసేదాకా ఆ పిల్లవాడు ఎక్కడుండాలి?

ఈ ప్రశ్నలన్నీ ఒకే మనిషి జీవితంలో ఎదురైన సందర్భం ఒకటుంది. ఆయన డాక్టర్ థామస్ జాన్ బర్నార్డో. లండన్ వీధి బాలలకు తండ్రి అనిపించుకున్న ఆయన గురించి సండే స్కూళ్లలో చెప్పుకుంటూనే ఉంటాం. కాని 1877 వేసవిలో ఆయన తన మీద వచ్చిన ఆరోపణలకు నెలల తరబడి జవాబు చెప్పుకోవలసి వచ్చిందన్న భాగాన్ని మాత్రం దాటేస్తుంటాం. ఆ భాగమే ఈ వారం చూద్దాం.

బర్నార్డో 1845 జులై 4న ఐర్లాండులోని డబ్లిన్ నగరంలో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన బొచ్చుతోళ్ల వ్యాపారి. కుర్రతనంలో విశ్వాసాన్ని ఎగతాళి చేసిన ఆయన 1862లో డబ్లిన్‌లో వచ్చిన ఉజ్జీవంలో మారుమనసు పొందాడు. హడ్సన్ టేలర్ పిలుపు విని చైనాకు మిషనరీగా వెళ్లాలనుకుని, 1866లో లండన్ చేరి వైద్య విద్యలో చేరాడు. ఆ ఏడాదే తూర్పు లండన్‌లో కలరా చెలరేగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తల్లిదండ్రులు పోయిన పిల్లలు వీధిన పడ్డారు. చైనా ప్రయాణం ఆగిపోయింది. ఆ తూర్పు లండనే ఆయనకు చైనా అయింది.

పేద పిల్లలకు రాత్రి బడి నడుపుతుండగా ఓ చలి రాత్రి జిమ్ జార్విస్ అనే కుర్రాడు ఇల్లు లేదని చెప్పి ఇంటికి వెళ్లనన్నాడట. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారని చెప్పి, పైకప్పు మీద గోనెసంచులైనా లేకుండా ముడుచుకుని పడుకున్న 11 మంది పిల్లల్ని చూపించాడట. ఈ కథ బర్నార్డో జీవితమంతా చెబుతూనే వచ్చాడు. కథకుడిగా ఆయనది గొప్ప నేర్పు. చెప్పిన ప్రతిసారీ వివరాలు కాస్త అటూఇటూ అవుతుండేవి కూడా. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు అవసరమవుతుంది.

1870లో స్టెప్నీ కాజ్‌వేలో అబ్బాయిల కోసం మొదటి గృహం తెరిచాడు. పడకలు పరిమితం. ఒక రాత్రి, చోటు లేదని వెనక్కి పంపిన 11 ఏళ్ల కుర్రాడు కొద్ది రోజులకే ఒక పీపాలో ఆకలితో, చలితో చచ్చిపడి కనిపించాడు. అప్పటి నుంచి దిక్కులేని ఏ పిల్లవాడినీ కాదనబోమని గృహం గోడ మీద బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు మాటకు కట్టుబడటం కోసమే అప్పులు చేశాడు, ఊరూరా తిరిగి విరాళాలు అడిగాడు. 1872లో లైమ్‌హౌస్‌లోని ఎడిన్‌బర్గ్ కాజిల్ అనే పేరుమోసిన సారాయి భవనాన్ని కొని, కాఫీ హోటలుగా, ప్రార్థనా మందిరంగా మార్చేశాడు. 1873లో సైరీ ఎల్మ్‌స్లీతో పెళ్లయింది. ఆడపిల్లల్ని వందల సంఖ్యలో ఒకే పెద్ద భవనంలో కుక్కడం తప్పని త్వరలోనే గ్రహించి, 1876లో లండన్ శివార్లలోని బార్కింగ్‌సైడ్‌లో చిన్న చిన్న కుటీరాలతో ఒక పల్లెనే కట్టించాడు. ఒక్కో కుటీరానికి ఒక్కో అమ్మ. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు.

ఇంత వేగంగా ఎదిగినవాడికి విరోధులు పుట్టకుండా ఉంటారా? విచారకరమేమిటంటే వాళ్లు బయటివాళ్లు కారు, తోటి సువార్తికులే. ఫ్రెడరిక్ చారింగ్టన్ పెద్ద బీరు కంపెనీ వారసత్వాన్ని ప్రభువు కోసం కాలదన్నుకుని మద్యపానానికి వ్యతిరేకంగా పనిచేస్తున్న త్యాగశీలి. ఆయన సేవా ప్రాంతంలోనే బర్నార్డో మరో కాఫీ హోటల్ పెట్టబూనడంతో ఇద్దరి మధ్య చెడింది. జార్జ్ రేనాల్డ్స్ అనే బాప్టిస్టు పాస్టరు చారింగ్టన్ పక్షాన చేరాడు. 1875లో ఒక స్థానిక పత్రికలో క్లెరికల్ జూనియస్ అనే మారుపేరుతో బర్నార్డోను పొగుడుతూ, చారింగ్టన్‌ను, రేనాల్డ్స్‌ను హేళన చేస్తూ ఉత్తరాలు వచ్చాయి. మండుతున్న మంటలో నెయ్యి పోసినట్టయింది. రేనాల్డ్స్ 1877లో బర్నార్డో గృహాల మీద ఒక కరపత్ర గ్రంథమే అచ్చు వేశాడు. దానధర్మాలు సక్రమంగా జరుగుతున్నాయో లేదో చూస్తామంటూ 1869లో ఏర్పడిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ ఆయనకు అండగా నిలిచి, బర్నార్డోకు విరాళాలిచ్చే ముందు జాగ్రత్తపడమని జనాన్ని హెచ్చరించింది.

ఆరోపణలు చిన్నవి కావు. విరాళాల డబ్బంతా ఒక్కడే వసూలు చేసి ఒక్కడే ఖర్చు చేస్తున్నాడు, అడిగేవాళ్లు లేరు, సొంతానికి వాడుకుంటున్నాడన్నది ఒకటి. గృహాల్లో పిల్లల్ని కొడుతున్నారు, మాట విననివాళ్లను ఒంటరి గదిలో పెట్టి తాళం వేస్తున్నారు, తిండీ శుభ్రతా సరిగా లేవన్నది మరొకటి. దాతల జాలి కోసం పిల్లల ఫొటోలు మోసపూరితంగా తీయిస్తున్నాడన్నది ఇంకొకటి. డాక్టరు పట్టా లేకుండానే డాక్టరునని చెప్పుకున్నాడన్నారు. చివరికి ఆయన శీలం మీదా బురద చల్లారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకుని చాలామంది దాతలు చేతులు ముడుచుకున్నారు. విరాళాలు పడిపోయాయి. విరాళాలు పడిపోతే ముందుగా మాడేది పిల్లల కడుపులే.

ఇక్కడ బర్నార్డో ముందు రెండు దారులున్నాయి. దేవుడే చూసుకుంటాడని చెప్పి నోరు మూసుకోవడం ఒకటి. ఆయన స్నేహితుల్లో కొందరి సలహా అదే. మన మధ్య కూడా చాలామంది ఎంచుకునే దారి అదే. రెండోది, తలుపులు బార్లా తెరిచి, బయటి మనుషులను లోపలికి రానిచ్చి, లెక్కలూ పిల్లలూ గదులూ అన్నీ చూడనివ్వడం. విశ్వాసులు ఒకరినొకరు లోక న్యాయస్థానానికి ఈడ్చుకోవద్దని కొరింథీయులకు పౌలు రాసిన హెచ్చరికను బట్టి కోర్టు వ్యాజ్యం వద్దనుకున్నారు. దానికి బదులు ఇరుపక్షాలూ ఒప్పుకున్న ముగ్గురు మధ్యవర్తుల ముందు బహిరంగ విచారణ జరగాలని తీర్మానమైంది. ఆ ముగ్గురిలో ఒకరు న్యాయకోవిదుడు జాన్ మౌల్, ఒకరు ఆంగ్లికన్ గురువు కానన్ మిల్లర్, మూడోవారు గ్లాస్గో మాజీ పార్లమెంటు సభ్యుడు విలియం గ్రాహం. పౌలు సూచించిన సంఘ పెద్దల పంచాయతీకి, చట్టబద్ధమైన న్యాయ విచారణకు మధ్యస్థమైన ఏర్పాటు ఇది. సొంత సంఘం పెద్దలే కూర్చుని సొంత సేవకుణ్ని విచారించుకోలేదు. ఈ తేడా గమనించాలి.

1877 జూన్‌లో మొదలైన విచారణ వేసవంతా నడిచింది. రెండు వైపులా ప్లీడర్లు, పదుల సంఖ్యలో సాక్షులు. గృహంలో పెరిగిన పిల్లలు, పని మానేసిన ఉద్యోగులు, వీధుల్లోంచి వచ్చిన తల్లులు, అందరూ వచ్చి చెప్పారు. ప్రతి మాటా పత్రికలకెక్కింది. ఖర్చు తడిసి మోపెడైంది. కేవలం కోపంతో చెప్పినవాళ్ల మాటలు ఎదురు ప్రశ్నలకు నిలబడలేదు. కొందరు మాట మార్చారు. పెద్దవాడి మీద చేసే ఆరోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప అంగీకరించవద్దని పౌలు తిమోతికి ఎందుకు రాశాడో ఇలాంటి చోట అర్థమవుతుంది. అయితే ఆ మాట చెప్పిన వెంటనే, పాపం చేసినట్టు తేలినవారిని అందరి ఎదుటా గద్దించమని కూడా ఆయనే రాశాడు. మొదటి వాక్యాన్ని కంఠస్థం చేసి రెండోదాన్ని మరిచిపోతే న్యాయం సగంలో ఆగిపోతుంది.

ఫొటోల సంగతి దగ్గర బర్నార్డో నిజంగానే చిక్కుకున్నాడు. 1874 నుంచి ఆయన గృహంలో చేరే ప్రతి పిల్లవాడికీ ఫొటో తీయించేవాడు. రికార్డు కోసం, పిల్లవాడు తప్పిపోతే వెతకడం కోసం అది మంచి పద్ధతే. కాని వీటితో పాటు అమ్మకానికి జంట ఫొటోల కార్డులు కూడా తయారయ్యేవి. ఒకదానిలో చినిగిన బట్టలు, మాసిన మొహం, కాళ్లకు చెప్పులు లేవు. రెండోదానిలో అదే పిల్లవాడు శుభ్రమైన దుస్తుల్లో పనిముట్టు పట్టుకుని నవ్వుతూ ఉంటాడు. చూసినవాళ్లు కరిగిపోయి డబ్బులిచ్చేవారు. విచారణలో తేలిందేమిటంటే, ఈ రెండు ఫొటోలూ కొన్నిసార్లు ఒకే సమయంలో తీసినవి. ఆ చినుగులు కెమెరా కోసం చేసినవి. తమ బిడ్డను అలా ఎన్నడూ పంపలేదని ఒక తల్లి గోడు వెళ్లబోసుకుంది. ఆ తల్లి బాధ మనకు అర్థమవుతుంది. పేదదే కావచ్చు, బిడ్డను ఒళ్లు కప్పకుండా ఊరి మీదికి పంపే మనిషిగా ఆమెను దేశమంతా చూసింది. తన ఉద్దేశం ఆ ఒక్క పిల్లను చూపించడం కాదని, అలాంటి స్థితిలో వచ్చే పిల్లలందరికీ గుర్తుగా ఆ బొమ్మ చూపించానని బర్నార్డో సమర్థించుకున్నాడు. మధ్యవర్తులు ఒప్పుకోలేదు. కళాత్మకమైన కల్పన ఇలాంటి ధర్మకార్యానికి తగదని తేల్చారు. మేమూ వారితోనే ఏకీభవిస్తాం. జైలుకెళ్లేంత నేరం కాకపోవచ్చు, కాని ఆకలి కథ చెప్పడానికి అబద్ధం అక్కరలేని చోట అబద్ధం ఆడడం దాతకూ బిడ్డకూ కూడా అన్యాయమే.

మన జిల్లాల్లో పిల్లల గృహాలు నడుపుతూ విదేశీ దాతలకు ఫొటోలు పంపే సహోదరులు ఈ ఒక్క పేరాను రెండుసార్లు చదవాలి. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, చిరునామా బయటపెట్టడాన్నే నిషేధించింది. పిల్లల గృహం నమోదు చేసుకోకుండా నడిపితే అదే చట్టం ప్రకారం శిక్ష ఉంది. 130 ఏళ్లకు పైగా గడిచాక మన చట్టంలోకి వచ్చిన జాగ్రత్త బర్నార్డో కాలంలోనే అనుభవంలోకి వచ్చిందన్నమాట.

క్లెరికల్ జూనియస్ ఉత్తరాల దగ్గర ఆయన ఇంకా మొండికేశాడు. ఆ ఉత్తరాలు ఎవరు రాశారో తనకు తెలుసు గాని మాట ఇచ్చానంటూ పేరు చెప్పనన్నాడు. మధ్యవర్తులకు బలవంతపెట్టే అధికారం లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోవడంతో ఎదుటి పక్షం ప్లీడరు ఇక కొనసాగనని తప్పుకున్నాడు. విచారణ అలా అర్ధాంతరంగా ముగిసింది. రాసింది బర్నార్డోయే అని అప్పట్లోనే అనుమానించినవాళ్లున్నారు. మాట నిలబెట్టుకోవడం మంచిదే, కాని తన మీద విచారణ జరుగుతుండగా, వందల మంది పిల్లల భవిష్యత్తు దాని మీద ఆధారపడి ఉండగా, దాచడం మంచిది కాదు. డాక్టరు పట్టా సంగతీ అంతే. ఆయన 1876లో ఎడిన్‌బర్గ్‌లో సర్జన్ పరీక్ష పాసయ్యాడు. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే డాక్టర్ బర్నార్డో అని రాసుకునేవాడు. జర్మనీ పట్టా ఉందని చెప్పుకున్న కాగితాన్ని తరువాతి జీవిత చరిత్రకారులు నమ్మలేదు. 1879లో ఎడిన్‌బర్గ్ సర్జన్ల కళాశాల ఫెలో అయ్యాడు గానీ, ముందు వాడుకున్న పట్టా మచ్చ అలానే ఉండిపోయింది.

1877 అక్టోబరులో తీర్పు వచ్చింది. గృహాలు నిజమైనవేననీ, మేలు చేస్తున్నాయనీ, ప్రజల నమ్మకానికి అర్హమైనవేననీ మధ్యవర్తులు చెప్పారు. డబ్బు కాజేశాడన్నది రుజువు కాలేదు. క్రూరంగా హింసించారన్న ఆరోపణలు మొత్తంగా చూస్తే నిలబడలేదు. ఫొటోలు తప్పు. ఉత్తరాల విషయంలో ఆయన ప్రవర్తన తప్పు. ఒక్క మనిషి చేతిలో ఇంత సంస్థ ఉండడం తప్పు. ఆ తీర్పును సువార్త పత్రికలు విజయంగా చాటాయి. నిజానికి అది విజయమూ కాదు, ఓటమీ కాదు. ఇంగ్లాండులో ఇప్పుడు పెంపుడు సంరక్షకుల మీద ఆరోపణ వస్తే స్థానిక ప్రభుత్వంలో దానికోసమే నియమించిన అధికారికి ఒక పనిదినంలోపు తెలియజేయాలి. విచారణ తర్వాత ఐదు రకాల ముగింపులు రాయొచ్చు. రుజువైంది, దురుద్దేశంతో చేసింది, అబద్ధం, రుజువు చేయలేనిది, ఆధారం లేనిది. రుజువు చేయలేకపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. ఈ తేడా 1877 తీర్పులోనూ కనిపిస్తుంది. ఆరోపణలన్నిటినీ గంపగుత్తగా కొట్టేయకుండా ఒక్కొక్కదాన్నీ విడదీసి చూశారు. తీర్పులో మాకు నచ్చింది అదే.

తీర్పు తర్వాత బర్నార్డో ఏం చేశాడన్నది ఇంకా ముఖ్యం. కుపితుడై సేవ మానేయలేదు. ధర్మకర్తల మండలి ఏర్పడింది. లెక్కలు తనిఖీ అయ్యేవి. ఇంగ్లాండు ప్రధాన న్యాయాధికార పదవిలో ఉన్న లార్డ్ కెయిర్న్స్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. ఒకప్పుడు ఎవరికీ జవాబు చెప్పని మనిషి కమిటీ ముందు కూర్చోవలసి వచ్చింది. కమిటీతో ఆయన సఖ్యంగా లేడు, వద్దన్నా అప్పులు చేసేవాడు. కాని కమిటీ మాత్రం ఉంది. యెరూషలేము పేదల కోసం సేకరించిన కానుకను తీతుతో పాటు మరో సహోదరుణ్ని కూడా పెట్టి పంపిన పౌలు ఆలోచన ఇదే కదా! తన చేతుల శుద్ధి తనకు తెలిసినా, చూసేవాళ్లకు వేలెత్తి చూపే సందు ఇవ్వలేదు. ఆర్భాటంగా తయారు చేసిన జంట ఫొటోలు ఆగిపోయాయి. రికార్డు ఫొటోలు మాత్రం కొనసాగాయి.

1880ల చివరలో ఆయన చేపట్టిన మరో పని మన విషయానికి దగ్గరిది. పిల్లల్ని గృహాల్లో కాక పల్లెటూళ్లలోని సామాన్య కుటుంబాల్లో పెట్టి, వారానికి కొంత సొమ్ము ఇచ్చి పెంచడం. దీనికి అప్పట్లో మంచి పేరు లేదు. డబ్బు తీసుకుని పసిపిల్లల్ని పెంచుతామని చెప్పి చంపేసిన మార్గరెట్ వాటర్స్ అనే స్త్రీని 1870లో ఉరితీశారు. ఆ దిగ్భ్రాంతితోనే 1872లో శిశు రక్షణ చట్టం వచ్చింది. పిల్లల్ని పెంచి డబ్బు తీసుకునేవారంటేనే అనుమానం. అందుచేత బర్నార్డో గట్టి ఏర్పాట్లు చేశాడు. కుటుంబాలతో రాతపూర్వక ఒప్పందం. ఆ ఊరి పాస్టరు, మరికొందరు కలిసిన స్థానిక కమిటీ కన్నువేసి ఉంచడం. చెప్పకుండా వచ్చి చూసే తనిఖీదారులు, వారిలో వైద్యం చదివిన స్త్రీలు. తిండి పెడుతున్నారా, పడక ఉందా, బడికి పంపుతున్నారా, ఒంటి మీద దెబ్బలున్నాయా అని చూసేవారు. ముందే కబురుపెట్టి వచ్చే తనిఖీలో ఇల్లు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. చెప్పాపెట్టకుండా వచ్చేదే అసలు తనిఖీ. 1905 నాటికి నాలుగు వేలకు పైగా పిల్లలు ఇలా కుటుంబాల్లో పెరుగుతున్నారు. మన చట్టంలో కూడా పెంపుడు కుటుంబాలను బాలల సంక్షేమ కమిటీ ప్రతి నెలా తనిఖీ చేయాలని రాసి ఉంది. రాసి ఉన్నంత శ్రద్ధగా జరిగితే ఎంత బాగుండును!

ఇంత జాగ్రత్త ఇతరుల ఇళ్ల విషయంలో తీసుకున్న బర్నార్డో, తన ఇంటి విషయంలో మళ్లీ చట్టానికి ఎదురుతిరిగాడు. ఇది ఆయన జీవితంలో మనల్ని ఎక్కువగా కలవరపెట్టే భాగం. 1888లో ఫోక్‌స్టోన్‌లో ఒక పదేళ్ల బాలుడు దొరికాడు. కన్నతల్లి అతన్ని వీధుల్లో వాయిద్యం వాయిస్తూ తిరిగేవాళ్లకు అప్పగించేసిందట. బర్నార్డో చేర్చుకున్నాడు. తర్వాత తల్లి కేథలిక్కు సంస్థ సాయంతో బిడ్డను అడిగింది. అప్పటికే బర్నార్డో ఆ బాలుణ్ని కెనడాకు చెందిన ఒక పెద్దమనిషికి అప్పగించేశాడు. అతని చిరునామా కూడా తన దగ్గర లేదన్నాడు. బిడ్డను హాజరుపరచమని కోర్టు అడిగింది. కేసు పైకోర్టులకు వెళ్లి 1892లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా చేరింది. లార్డులు బర్నార్డో పక్షాన తేల్చలేదు. ఆ బాలుడు మళ్లీ కనబడలేదు. ఇంకో కేసులో, పెళ్లికాని ఒక తల్లి తన కొడుకును కేథలిక్కు గృహానికి మార్చమని అడిగింది. బర్నార్డో 1891లో అదే సభలో ఓడిపోయాడు.

ఆయన పక్షాన చెప్పుకోవలసిందీ ఉంది. పిల్లల్ని తాగుబోతులకు, బిచ్చగాళ్లకు, అంతకన్నా నీచమైనవాళ్లకు అప్పగించిన తల్లిదండ్రులే చట్టం చేత పట్టుకుని వచ్చి అడిగితే, అప్పటి న్యాయస్థానాలకు కాదనే వీలు పెద్దగా ఉండేది కాదు. బిడ్డ క్షేమం కన్నా తండ్రి హక్కు పెద్దది. ఆ పిల్లల్ని తిరిగి ఆ నరకంలోకి పంపాలా? ధర్మం కోసం చేసిన అపహరణే అయినా చేస్తానని బర్నార్డో బహిరంగంగానే చెప్పుకున్నాడు. ఇక్కడ మతపు పోటీ కూడా కలిసింది. ప్రొటెస్టంటు గృహంలో ఉన్న బిడ్డను కేథలిక్కు గృహం అడిగితే, బర్నార్డో మనసులో బిడ్డ క్షేమమొక్కటే ఉందని మనం గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేం. కన్న తల్లి పేదరాలూ పాపాత్మురాలూ అయినంత మాత్రాన ఆమె నోరు మూయించే హక్కు సువార్తికుడికి రాదు. తగువు ఎలా ముగిసినా దాని ఫలితం 1891 నాటి పిల్లల సంరక్షణ హక్కు చట్టంలో కనిపించింది. బిడ్డను వదిలేసిన తల్లిదండ్రులు తిరిగి అడిగితే కాదనే అధికారం న్యాయస్థానానికి దక్కింది. బిడ్డ ఏ మతంలో పెరగాలన్న తల్లిదండ్రుల హక్కును, బిడ్డ ఇష్టాన్ని కూడా చూడాలని ఆ చట్టం చెప్పింది. దాన్ని జనం బర్నార్డో చట్టం అనేవారు. అంటే, ఎవరి చేతిలో ఓడిపోయాడో వారే ఆయన వాదనలోని న్యాయాన్ని చట్టంగా రాసి, ఆయన పద్ధతిలోని అన్యాయాన్ని మాత్రం వదిలేశారు. బిడ్డను దాచే అధికారం ఎవరికీ ఇవ్వలేదు. నిర్ణయం న్యాయమూర్తిది.

కెనడా సంగతి చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. 1882 నుంచి బర్నార్డో వేలాది పిల్లల్ని ఓడల్లో అక్కడి పొలాలకు పంపాడు. ఆయన మరణం తర్వాతా సాగిన ఈ ప్రయాణాలలో మొత్తం 30,000 మంది దాకా వెళ్లారు. కొందరు బాగుపడ్డారు. కొందరు పశువుల్లా పనిచేశారు. వెతుక్కుంటూ వెళ్లి చూసే తనిఖీదారులకు ఆ దూరాలు చాలా పెద్దవి. ఏడాదికొకసారి చూస్తే అదే గొప్ప. 1895లో ఒంటారియోలో ఒక పొలంలో బర్నార్డో పంపిన యువకుడొకడు దారుణ స్థితిలో చనిపోయాడు. పెట్టుకున్న యజమానురాలి మీద కేసు పెట్టారు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆమెకు శిక్ష పడలేదు. ఇంగ్లాండు పల్లెల్లో చెప్పకుండా తలుపు తట్టిన కాపలా అట్లాంటిక్ దాటలేకపోయింది. 1897లో ఒంటారియో ఇలాంటి పిల్లల రాకను క్రమబద్ధం చేస్తూ చట్టం చేసింది. 2010లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ విదేశాలకు పంపిన పిల్లలందరికీ క్షమాపణ చెప్పాడు. 2017లో కెనడా పార్లమెంటు దిగువసభ కూడా క్షమాపణ తీర్మానం చేసింది.

బర్నార్డో 1905 సెప్టెంబరు 19న గుండె జబ్బుతో చనిపోయాడు. అప్పుడు ఆయన గృహాల్లో, పెంపుడు ఇళ్లలో ఉన్న పిల్లలు 8,500 మందికి పైగా. జీవితకాలంలో ఆయన చేర్చుకున్నవారు సుమారు 60,000 మంది. లండన్ వీధుల్లో శవయాత్ర వెంట జనం బారులు తీరారు. ఆయన కోరుకున్నట్టు బార్కింగ్‌సైడ్‌లో ఆడపిల్లల పల్లెలోనే సమాధి అయ్యాడు.

ఆయన సంస్థ ఇప్పుడు పెద్ద గృహాలు నడపడం లేదు. ఆ పద్ధతి 20వ శతాబ్దంలోనే క్రమంగా ఆగిపోయింది. పిల్లల్ని పెంపుడు కుటుంబాల్లో పెట్టే పని మాత్రం ఉంది. 1874 నుంచి 1905 దాకా తీసిన ఫొటోలు దాదాపు 55,000 ఆ సంస్థ భద్రపరిచింది. కెనడాలోనూ ఇంగ్లాండులోనూ ఉన్న మనవళ్లూ మునిమనవళ్లూ తమ తాతలు ఎవరో, ఎక్కడినుంచి వచ్చారో తెలుసుకోవడానికి వాటినే అడుగుతుంటారు. వారి చేతికి వచ్చేది చాలామటుకు చేరిన రోజున తీసిన ఆ ఒక్క రికార్డు ఫొటో. అమ్మకానికి చినుగులు పెట్టి తీసింది కాదు. తల దువ్వీ దువ్వకుండా, కెమెరా వైపు సూటిగా చూస్తున్న ఒక పిల్లవాడిది.